కాలేయానికి ఆషాఢం

పెళ్లయిన ముప్పై మూడో రోజున మా అత్తమ్మ రాజకుమారి నన్ను పుట్టింటికి పంపించేసింది. నేను తప్పేమీ చేయలేదు. ఆషాఢం వచ్చింది, అంతే.

చిక్కడపల్లిలోని మా అత్తవారింటి నుంచి నారాయణగూడలోని మా అమ్మ వాళ్లింటికి నడిస్తే పద్దెనిమిది నిమిషాలు. గాజుల షాపు ముందు ఆగితే ఇరవై ఆరు. అయినా అత్తమ్మ నాకు బొట్టు పెట్టి, పండ్ల సంచి చేతికిచ్చి, కొంగుతో కళ్లు తుడుచుకుని మరీ ఆటో ఎక్కించింది. ఆ వీడ్కోలు చూసి ఆటో అన్న రైల్వే స్టేషన్‌కే అనుకున్నాడు. నారాయణగూడ అనగానే అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూసి, "గీడికేనా అక్కా? నేనింక బెంగటిల్లిన," అన్నాడు.

నియమాలు అందరికీ తెలిసినవే. నెల రోజులు అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు. అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు. వీటికి మా అత్తమ్మ సొంతంగా ఇంకొకటి చేర్చింది. మొగుడూ పెళ్లాలకు వీడియో కాల్ కూడా వద్దట.

"ముఖం చూసుడంటే ముఖం చూసుడే కద బిడ్డా. ఫోన్ల చూస్తె మాత్రం ఆషాఢం కాకుంట పోతదా?"

"మరి మాట్లాడచ్చా అత్తమ్మా?"

"మాట్లాడుకోండ్రి. మాటల సంగతి పంతులు ఏం చెప్పలే."

ఆ ఒక్క సడలింపుకే నాకు గంతులేయాలనిపించింది. ఈ మధ్య నాకు చాలా చిన్న విషయాలకే అలా అనిపిస్తోంది. సుధీంద్ర చొక్కా గుండీ ఊడిందని తెలిస్తే చాలు, దారం ఎక్కించే భాగ్యం నాదేనని పొంగిపోతాను. నాకు కుట్టడం రాదు, అది వేరే సంగతి.

సుధీంద్ర మా ఆయన. అశోక్‌నగర్‌లో జిరాక్స్ షాపు. గ్రూప్స్ పరీక్షలకు చదివే హాస్టల్ పిల్లల నోట్సన్నీ అతని మెషీన్‌లోంచే బయటికొస్తాయి. వచ్చిన ప్రతి కాగితం అతను చదువుతాడు. అందుకని అతనికి తెలియని విషయం లేదు, పూర్తిగా తెలిసిన విషయమూ లేదు. కాకతీయుల చెరువుల గురించి అద్భుతంగా మొదలుపెడతాడు. చెరువులోకి నీళ్లు రాకముందే ఆగిపోతాడు, ఎందుకంటే అక్కడికి పేజీ అయిపోయింది.

నేను ఐదేళ్లు ఎలుకల కాలేయాల మీద పీహెచ్‌డీ చేశాను. ఆ మాట వినగానే అంతకుముందు పెళ్లిచూపులకు వచ్చిన ఇద్దరూ మిక్చర్ ప్లేటు కింద పెట్టేశారు. ఇతను మాత్రం ప్లేటు వదలకుండా, "ఎలుకలకు పేర్లు పెట్టిన్రా?" అని అడిగాడు. పెట్టాను. ఎవరికీ చెప్పని ఆ పేర్లన్నీ అతనికి చెప్పేశాను. మా నాన్న లోపలికొచ్చేసరికి మేమిద్దరం ఒక ఎలుక అల్లరి గురించి పడీపడీ నవ్వుతున్నాం. ఇక ఆయన అడగాల్సిందేమీ మిగల్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. అతని షాపుకు సరిగ్గా ఎదురుగా, రెండో అంతస్తులో ఒక కోచింగ్ సెంటర్ ఉంది. అందులో బయాలజీ చెప్పేవాళ్లు కావాలి. దాన్ని నడిపే ఉమాకాంత్ సార్ నాకు ఫోన్ చేసి క్లుప్తంగా చెప్పారు.

"ఇంక రెండు వారాలకు, ఆదివారం, డెమో క్లాస్ మేడం. ఇరవై నిమిషాలు. మీకు బాగా వచ్చిన టాపిక్కే తీసుకోండి, తెలుగుల చెప్పండి. అయిపోంగనే పిల్లలు చేతులెత్తుతరు. సగం కంటె ఎక్కువ లేస్తే మీరే మా బయాలజీ. లేకుంటె నమస్తే."

అది కాకపోతే పూణెలో ఒక ల్యాబ్ ఉద్యోగం సిద్ధంగా ఉంది. డెమో మర్నాడు, సోమవారం లోపల జవాబివ్వాలి. మంచి ఉద్యోగమే. కానీ కోచింగ్ సెంటర్ కిటికీ తీస్తే చెవి మీద పెన్సిల్ పెట్టుకున్న సుధీంద్ర కనిపిస్తాడు. పూణెలో ఎన్ని కిటికీలు తీసినా కనిపించడు. పెళ్లయి రెండు నెలలు కాకముందే, నెలకోసారి రైలెక్కి మొగుణ్ని చూసి రావడం నావల్ల కాదు. షాపు వదిలి అతను రాలేడు. కాబట్టి ఆదివారం చేతులు లేవాలి.

నాకు బాగా వచ్చిన టాపిక్ ఒక్కటే. అందుకని పుట్టింట్లో దిగిన రోజే, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అమ్మ స్వరూప ముందు నిలబడి మొదలుపెట్టాను.

"కాలేయానికి ఆపరేషన్ చేసేటప్పుడు నెత్తురు కారిపోకుండా, లోపలికొచ్చే రక్తనాళాన్ని డాక్టర్ కాసేపు బిగించి పెడతాడు. అప్పుడు కాలేయంలో కణాలకు ప్రాణవాయువు అందదు. నీరసపడతాయి. పని అయ్యాక వదిలేస్తాడు. నెత్తురు మళ్లీ పారుతుంది. అసలు ప్రమాదం అప్పుడు మొదలవుతుంది."

అమ్మ చేయి ఆగింది. "అప్పుడేంది? నెత్తురు వచ్చింది కద?"

"వచ్చింది."

"ఆకలైనోనికి అన్నం పెట్టినట్టే కద?"

"అంతే."

"అన్నం తిని ఎవలన్న ఖరాబైతరా? నీ చదువుల ఏదో తప్పు జరిగింది బిడ్డా. ఒకసారి మీ సార్‌ని అడుగు."

ఐదేళ్ల పరిశోధన చిక్కుడు ఈనెలతో పాటు చెత్తబుట్టలో పడింది. వాపు అన్నాను, తెల్లకణాలు అన్నాను, విషపదార్థాలు అన్నాను. "సరే తీ," అంది అమ్మ, వాదన వద్దనుకునేవాళ్ల గొంతుతో.

తర్వాత ఎల్లేష్. నల్లగొండ దిక్కు నుంచి వచ్చి నాలుగేళ్లుగా అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. ఆ కోచింగ్ సెంటర్‌లో మొదటి బెంచీ అతనిది. అతను తలూపితే వెనక వంద తలలు ఊగుతాయని ప్రతీతి. సుధీంద్ర షాపులో ఫోన్ స్పీకర్ మీద పెట్టి అతనికి నా పాఠం వినిపించాడు.

"అక్కా, అంత మంచిగనే ఉన్నది," అన్నాడు ఎల్లేష్. "గని తిరిగొచ్చిన నెత్తురు మేలు చెయ్యాలె గద, నష్టమెట్ల చేస్తది? గదొక్కటి నా దిమాక్‌ల కూసుంటలే."

"నువ్వైనా చెయ్యెత్తుతావా మరి?"

"దోస్తానా దోస్తానే, డెమో డెమోనే అక్కా."

అలా పన్నెండు రోజులు గడిచాయి. మేనమామకు చెప్పాను, ఇస్త్రీ బండి మాసయ్యకు చెప్పాను. అందరూ సరిగ్గా అదే చోట ఆగి అదే ప్రశ్న వేశారు. మాసయ్యైతే, "ఆపకుంట ఉంటె అయిపోయె గదమ్మా," అని సమస్యను మొదట్లోనే పరిష్కరించేశాడు.

శుక్రవారం సాయంత్రం సుధీంద్ర ఫోన్ చేశాడు. "ఉదయా, నీ కాలేయం బొమ్మలు కలర్ ప్రింట్ తీసిన. మస్తొచ్చినయి. ఎట్లియ్యాలె?"

"గడప తొక్కొద్దు కదా."

"బజ్జీల బండికి గడప ఉంటదా?"

ఉండదు! ఇంత తెలివైనవాణ్ని నేను చేసుకున్నానా అని గర్వంతో చెప్పులు తారుమారుగా వేసుకుని బయల్దేరాను. చిక్కడపల్లి మార్కెట్ పక్కన బండి దగ్గర అతను కనిపించాడు. క్షౌరం చేయించుకున్నాడు. చెవులు కాస్త పెద్దవైనట్టనిపించాయి. పదమూడు రోజుల తర్వాత చూసిన చెవులు. మిర్చి బజ్జీ నిలువునా చీల్చి, ఉల్లిపాయ కూరి, నిమ్మకాయ పిండి, నోరు కాలుతుందని రెండుసార్లు ఊది నాకిచ్చాడు. అంతే జరిగింది. పదిహేను నిమిషాలు. లోకంలో ఎవరికీ ఏ హానీ చేయలేదు మేము.

కానీ లక్ష్మవ్వ చూసింది. లక్ష్మవ్వ మా అత్తవారింట్లో కింది వాటాలో ఉంటుంది. ఇరవై ఏళ్లుగా గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వీధిని చూడటమే ఆమె పని. ఎవరూ పెట్టలేదు, తనే పెట్టుకుంది. ఆ రోజు కొత్తిమీర కోసం లేచింది. ఏడాదికోసారి లేచే మనిషి ఆ పదిహేను నిమిషాల్లోనే లేవాలా!

తర్వాత తెలిసింది, ఆమె కొత్తిమీర కూడా కొనకుండా అత్తమ్మకు ఫోన్ చేసిందట. "రాజకుమారీ, ఆషాఢంల నీ కొడుకు కోడలు ఒక్క బజ్జీ ఇద్దరు తింటున్రు." అత్తమ్మ కంగారుపడి, దీనికేమైనా శాంతి ఉందేమో కనుక్కుందామని కవాడిగూడలో ఉన్న చెల్లెలికి చేసింది. ఆ చెల్లెలు గాంధీనగర్ చెల్లెలికి, గాంధీనగర్ అంబర్‌పేట్ అక్కకు. అంబర్‌పేట్ చేరేసరికి మేమిద్దరం లేచిపోయామని అయింది. పెళ్లయినవాళ్లు ఎక్కడికి లేచిపోతారని ఎవరూ అడగలేదు.

నేను బొమ్మల కాగితాలు చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేసరికి మా గల్లీలో నాలుగు ఆటోలు అడ్డంగా ఉన్నాయి. మా నాన్న పాలపాకెట్లతో స్కూటర్ మీద గల్లీ మొదట్లో ఇరుక్కుపోయి, "నా ఇంటికి నన్ను పోనియ్యుండ్రి," అని బతిమాలుతున్నాడు. ఇంట్లో కవాడిగూడ అత్త, గాంధీనగర్ అత్త, అంబర్‌పేట్ అత్త, ఆమెతో వచ్చిన ఆమె ఆడబిడ్డలిద్దరు.

ఒక్కరూ నన్ను తిట్టలేదు. "ఏం కాదు బిడ్డా, మేమొచ్చినం కద," అంటూ కవాడిగూడ అత్త నా చుట్టూ నిమ్మకాయ తిప్పి, దాన్ని తొక్కడానికి కాలెత్తి, జారి, మా అమ్మ టీ కప్పుల అల్మారా పట్టుకుంది. అల్మారా ఆగలేదు. గాంధీనగర్ అత్త దోషం పోవాలని కొబ్బరికాయ కొట్టింది. కాయ పగల్లేదు, మొన్న వేయించిన టైలు పగిలింది. అంబర్‌పేట్ అత్త బకెట్‌లో పసుపు నీళ్లు కలిపి మామిడి మండతో ఇల్లంతా చల్లుతోంది. మొదటి చల్లు నా కలర్ ప్రింట్ల మీద పడింది. ఆడబిడ్డలిద్దరూ అందరికీ చోటు చేద్దామని సోఫా జరిపి వంటింటి తలుపుకు అడ్డంగా పెట్టేశారు. లోపల మా అమ్మ ఇరుక్కుంది.

అత్తమ్మ మాత్రం లోపలికి రాలేదు. ఒకే గడప దాటకూడదు కదా. రోడ్డు మీద నిలబడి కేకలేస్తోంది.

"వదినా! నేను రాను! రాను గని, జర పిల్లను అడుగుండ్రి, ఏమైందో!"

వంటింటి కిటికీలోంచి మా అమ్మ జవాబు: "అడుగుడు తర్వాత వదినా! ముందు మీ అక్కను బకెట్ కింద పెట్టమనుండ్రి! ఫ్రిజ్‌ల గూడ సల్లుతున్నది!"

నేను గది మధ్యలో పసుపు నీళ్లలో నిలబడి చూశాను. మేము బజ్జీ తిన్నందుకు ఇంట్లో ఒక్క చెంచా వంగలేదు. ఆ బజ్జీ సంగతి చక్కదిద్దడానికి వచ్చినవాళ్ల చేతుల్లో కప్పులు పోయాయి, టైలు పోయింది, దారి మూసుకుపోయింది, ఇంటాయన ఇంట్లోకి రాలేకపోయాడు. వచ్చినవాళ్లంతా మనవాళ్లే. ప్రేమతో వచ్చినవాళ్లే.

"అమ్మా! దొరికింది!" అని అరిచి నవ్వడం మొదలుపెట్టాను. "ఆకలైనోనికి అన్నం పెడితే ఎందుకు ఖరాబైతడో దొరికింది!"

అంబర్‌పేట్ అత్త నా మొహం చూసి, "చూసిన్రా, పిల్లకు గాలి తాకింది," అని మిగిలిన బకెట్ నా నెత్తిన పోసింది.

ఆదివారం కోచింగ్ సెంటర్ హాల్లో నూట ఎనభై మంది. మొదటి బెంచీలో ఎల్లేష్, చేతులు కట్టుకుని. నా తలలో కథంతా సిద్ధంగా ఉంది. సుద్దముక్క తీసుకుని తిరిగి చూస్తే, చివరి బెంచీలో మా అత్తమ్మ. పక్కన లక్ష్మవ్వ.

గుమ్మం దగ్గర ఉమాకాంత్ సార్ ఎవరని అడిగితే అత్తమ్మ చెప్పిందట: "పిల్ల అత్తను. ఇది ఇల్లు కాదు, గడప లేదు, షట్టరున్నది. పంతుల్ని అడిగే వచ్చిన."

ఆ కథ చెబితే నూట ఎనభై మంది ముందు మా అత్తమ్మ నవ్వులపాలు. చెప్పకపోతే పూణె. కొత్త కోడలికి ఇది న్యాయమా?

చెప్పకుండానే లాక్కొద్దామనుకున్నాను. కాలేయం బొమ్మ వేశాను. నాళం వేశాను. బిగించాను, వదిలాను. వాపు, కణాలు, విషపదార్థాలు అన్నాను. ఎనిమిది నిమిషాలకు మూడో వరుసలో ఒకమ్మాయి కరెంట్ అఫైర్స్ పుస్తకం తెరిచింది. పన్నెండో నిమిషంలో ఎల్లేష్ లేచాడు. లేస్తాడని నాకు తెలుసు.

"మేడం, తిరిగొచ్చిన నెత్తురు నష్టమెట్ల చేస్తది?"

కిటికీలోంచి చూశాను. ఎదురుగా షాపులో సుధీంద్ర మెషీన్ వదిలేసి, మెడ పైకెత్తి ఇటే చూస్తున్నాడు. వెనక పది మంది కస్టమర్లు అరుస్తున్నా కదలడం లేదు.

"ఒక ఇల్లు అనుకోండి," అన్నాను. "కొత్తగా పెళ్లయిన జంటను ఆషాఢంలో విడదీశారు. అది నెత్తురు ఆగిపోవడం. పదమూడు రోజులకు ఇద్దరూ ఒక బజ్జీల బండి దగ్గర కలిశారు. అది నెత్తురు తిరిగి రావడం."

కరెంట్ అఫైర్స్ పుస్తకం మూసుకుంది.

"కాలేయంలో కొన్ని కాపలా కణాలుంటాయి. కుప్ఫర్ కణాలంటారు. అవి ఎక్కడికీ పోవు. ఒకే చోట కూర్చుని, వచ్చేపోయే వాటిని చూస్తుంటాయి. ఆగిన నెత్తురు ఒక్కసారిగా వచ్చేసరికి అవి బెదిరిపోయి, ఏదో జరిగిందని కబురు పంపిస్తాయి. ఆ కబురు విని తెల్లకణాలు పరుగెత్తుకొస్తాయి. రక్షించడానికే వస్తాయి. కానీ ఇరుకు సందుల్లో అడ్డంగా నిలబడతాయి, నెత్తురుకు దారుండదు. శత్రువు కోసం తెచ్చిన మందును సొంత ఇంటి మీదే చల్లుతాయి. బాగున్న కణాలు కూడా పాడైపోతాయి. ఆ వాపు వల్ల జరిగే నష్టం, ఒక్కోసారి నెత్తురు ఆగినందువల్ల జరిగిన నష్టం కంటే ఎక్కువ."

అని, ఇల్లు, నిమ్మకాయ, టైలు, బకెట్, గల్లీ మొదట్లో పాలపాకెట్లతో నాన్న, అన్నీ చెప్పేశాను. హాలు నవ్వులతో ఊగిపోయింది. నేను మాత్రం చివరి బెంచీ వైపు చూడలేదు.

అక్కడినుంచి ఒక గొంతు వినిపించింది. "గా కాపలా కణం నేనే!"

లక్ష్మవ్వ నిలబడి ఉంది. మొహం వెలిగిపోతోంది.

"అవ్వా, మరెందుకు ఫోన్ చేసినవ్?" అని అడిగాడొకడు.

"సూసిన, చేసిన. సూసి చెయ్యకుంటె నేనెందుకు కూసున్నట్టు?"

కుప్ఫర్ కణం గురించి ఐదేళ్లలో నేను ఇంత బాగా ఎక్కడా చదవలేదు.

అప్పుడు అత్తమ్మ లేచింది.

"పిల్ల చెప్పింది తప్పు," అంది.

నేను బోర్డు చెరపడానికి డస్టర్ అందుకున్నాను.

"నేను ఫోన్ చేసింది ఒక్కరికే. ఐదుగురికి కాదు. కవాడిగూడకు చేసిన, గంతే. మిగిలినోళ్లను వాళ్లే పిలుసుకున్నరు. బోర్డు మీద గది మంచిగ రాయి."

"అది కూడా నిజమే అత్తమ్మా!" అన్నాను, మేడమ్‌నన్న సంగతి మరిచిపోయి. "వచ్చిన కణమే ఇంకో కణాన్ని పిలుస్తుంది. అందుకే అది ఆగదు." బోర్డు మీద ఒక బాణం చెరిపి నాలుగు బాణాలు గీశాను.

ఎల్లేష్ నెమ్మదిగా తలూపాడు. "ఆఁ. ఇప్పుడు కూసుంది."

"మరి ఇలాజ్ ఏంది మేడం, మందేమన్న ఉన్నదా?" వెనకనుంచి ఎవరో.

"పెద్దగా ఆపేముందు చిన్నగా ఆపి వదలడం. జరంత ఆపి, జరంత వదిలి, కాలేయానికి అలవాటు చేయడం. అప్పుడు కాపలా కణాలు అంతగా బెదరవు. నా ఎలుకల్లో బాగా పనిచేసింది. మనుషుల్లో ఎంతవరకో ఇంకా తేలుస్తున్నారు."

ఉమాకాంత్ సార్ చేతులెత్తమన్నారు. లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు, ఎందుకంటే లక్ష్మవ్వ రెండు చేతులూ ఎత్తింది.

"అవ్వా, నువ్వు స్టూడెంట్‌వు కాదు, దించు."

"ఎవలన్నరు? ఇప్పుడే నేర్సుకున్న!"

ఆమె చేతులు తీసేసినా నూట నలభై మూడు.

మెట్లు అత్తమ్మ నాకంటే ముందు గబగబా దిగేసింది. ఉద్యోగం వచ్చింది, అత్తమ్మ పోయిందనుకున్నాను. రోడ్డు దాటి షాపు ముందుకొచ్చాక ఆగింది. లోపల సుధీంద్ర, బయట నేను. ఇద్దరం తలలు దించుకున్నాం.

"ఎలుకలకు ఎన్ని నిమిషాలిచ్చినవ్?" అని అడిగింది.

"ఐదు నిమిషాలు ఆపి, పది నిమిషాలు వదిలినం అత్తమ్మా."

"ఆపుడు ఐదు, వదులుడు పదా? మరీ గారాబం జేసినవ్." కాసేపు లెక్కేసుకుంది. "మనకు రోజుకు ఐదు నిమిషాలు వదులుడు. ఈ షాపుల్నే. నా ముంగట. మళ్ల కవాడిగూడకు ఎవలు చెప్పొద్దు. లక్ష్మవ్వా, నీకే చెప్పుడు."

"నాకెందుకు చెప్తవ్?" అంది లక్ష్మవ్వ నొచ్చుకుని.

అత్తమ్మ మా వైపు వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి, చేతి గడియారం చూసుకుంటూ నిలబడింది. నేను ఒక్క అంగలో కౌంటర్ దాటాను. ఫోన్‌లో చెప్పలేనివి పదిహేను రోజులవి ఉన్నాయి. ముందు అతని చెవి మీది పెన్సిల్ సరిచేశాను. చివరికి పూణె వాళ్లకు రానని రాయాలి కదా అని ఇద్దరం కంప్యూటర్ ముందు ఒకే స్టూలు మీద సర్దుకున్నాం. అతను టైప్ చేస్తున్నాడు, నేను చెబుతున్నాను. చెప్పేది రెండు వాక్యాలే. అవి ఎంతకీ పూర్తి కావడం లేదు.

"అయిందా?" అంది అత్తమ్మ, ఇటు తిరక్కుండానే.

"ఇంకా లేదు అత్తమ్మా. పూణెకు ఉత్తరం రాస్తున్నం, రానని."

గడియారం ఉన్న చేయి కిందికి దిగింది. కొంగు సరిచేసుకుని, ఎదుటి బస్టాపు వైపు చూస్తూ అంది:

"తొందరేం లేదు. తప్పులు పోకుంట మెల్లగ రాయుండ్రి."